హెలికాప్టర్ ఎందుకు రాలేదు? పోలీసు, రక్షణ, అంబులెన్స్ హెలికాప్టర్ల వెనుక లెక్కలు

2021 నవంబర్ 19న అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి మండలంలో చిత్రావతి పొంగింది. నది మధ్యలో ఒక జేసీబీ నిలిచిపోయింది. దాని మీద 10 మంది ఉన్నారు, చుట్టూ నీటిమట్టం పెరుగుతోంది. వాతావరణం అనుకూలంగా లేకపోయినా వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి అందరినీ కాపాడింది. మూడేళ్లు తిరగకముందే, 2024 సెప్టెంబర్ 1న, ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద 9 మంది చిక్కుకున్నారు. హెలికాప్టర్ కోసం కబురు వెళ్లింది. వాతావరణం బాగాలేక అది రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తెగించి వంతెన మీదికి బండి నడిపి, 9 మందినీ ఒడ్డుకు చేర్చాడు.

ఒకచోట జేసీబీ మీద ఉన్నవాళ్లను హెలికాప్టర్ కాపాడింది. ఇంకోచోట హెలికాప్టర్ చేయలేని పని జేసీబీ చేసింది. ఖమ్మం ఘటన తర్వాత ‘హెలికాప్టర్ ఎందుకు రాలేదు’ అని చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానీ దానికి జవాబు వెతికే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఏ హెలికాప్టర్? ఆకాశంలో చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అన్నీ ఒకే పని చేస్తాయనిపిస్తుంది. తికమక అక్కడే మొదలవుతుంది.

నాలుగు పనులు, నాలుగు రకాల ఏర్పాట్లు

మొదటిది పోలీసు హెలికాప్టర్. పైనుంచి చూడడం, చూసినదాన్ని కింద ఉన్నవాళ్లకు చెప్పడం దాని పని. ఎక్కువసేపు గాలిలో ఉండాలి, నేలకు దిగాల్సిన అవసరం అంతగా ఉండదు.

రెండోది రక్షణ హెలికాప్టర్. వరదలోనో కొండ మీదో చిక్కుకున్న మనిషిపైన ఒకేచోట నిలబడి, తాడు దించి పైకి లాగాలి. దానికి బలం కావాలి. చిత్రావతికి వచ్చిన ఎంఐ-17 నిండు బరువుతో 13 టన్నులు తూగుతుంది, దాని రెక్కల చక్రం వెడల్పు 21 మీటర్లు దాటుతుంది. అది కొట్టే గాలికి రేకుల కప్పులు లేచిపోతాయి. అందుకే దాన్ని ఊరి నడిబొడ్డున, ఇళ్ల మధ్య దించడం కుదరని పని.

మూడోది ప్రమాదస్థలానికి వచ్చే ఎయిర్ అంబులెన్స్. ఇది చిన్నది. ఐరోపాలో ఎక్కువగా కనిపించే ఈసీ135 బరువు నిండుగా ఉన్నా 3 టన్నులు దాటదు, రెక్కల చక్రం 10 మీటర్ల చిల్లర. కూడలిలో, పార్కులో, బడి మైదానంలో దిగగలదు.

నాలుగోది మన దేశంలో ప్రకటనల్లో కనిపించే ‘ఎయిర్ అంబులెన్స్’. ఇది చాలావరకు చిన్న విమానం. ఒక ఊరి ఆస్పత్రిలో ఉన్న రోగిని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి, అక్కడి నుంచి ఇంకో పెద్ద ఆస్పత్రికి చేరుస్తుంది. జాతీయ రహదారి మీద బస్సు బోల్తా పడితే ఇది రాదు, రాలేదు. మూడోదానికీ నాలుగోదానికీ పేరు ఒకటే కావడం వల్ల జరిగే గందరగోళం అంతా ఇంతా కాదు.

పోలీసు హెలికాప్టర్: వేడిని చూసే కన్ను

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒకప్పుడు ఒక్కో పోలీసు విభాగం సొంత హెలికాప్టర్ నడుపుకునేది. 2012 అక్టోబర్‌లో వాటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చే పని మొదలుపెట్టి, జాతీయ పోలీసు వైమానిక సేవ ఏర్పాటు చేశారు. వెస్ట్ యార్క్‌షైర్ పోలీసులు దాన్ని నడుపుతారు. సాధారణంగా లోపల ముగ్గురుంటారు: పైలట్, ఇద్దరు పరిశీలకులు. ఆ ఇద్దరిలో ఒకరు కెమెరా చూస్తుంటే రెండోవారు మ్యాపు, రేడియో చూసుకుంటారు.

అసలు ఆయుధం థర్మల్ కెమెరా. అది వెలుతురును కాదు, వేడిని చూస్తుంది. చలి రాత్రి పొలంలో ఒక ముసలాయన దారి తప్పి పడిపోయాడనుకుందాం. టార్చిలైట్లు పట్టుకుని వెతికే 20 మంది ఆయన పక్కనుంచే వెళ్లిపోవచ్చు. పైనున్న తెర మీద మాత్రం నల్లటి నేలలో ఆయన తెల్లటి మచ్చలా కనిపిస్తాడు. మతిమరుపు జబ్బుతో ఇల్లు వదిలి వెళ్లిపోయినవారిని వెతకడం ఈ హెలికాప్టర్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి. దొంగల వెంట పడటమే వాటి పని అనుకోవడం పొరపాటు.

ఈ కన్నుకూ హద్దులున్నాయి. అది గోడను దాటి చూడలేదు, గాజును దాటి కూడా చూడలేదు. మనిషి ఒంటికీ పరిసరాలకూ వేడిలో తేడా ఉంటేనే దానికి మనిషి కనిపిస్తాడు. కాబట్టి మే నెల మధ్యాహ్నం రాయలసీమ బండల మధ్య పడి ఉన్న మనిషిని పట్టుకోవడం, చలి దేశపు రాత్రిలో పట్టుకున్నంత తేలిక కాదు. పరికరం కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అక్కడ పనిచేసింది కదా అని ఇక్కడా అన్ని వేళలా అలాగే పనిచేయదు.

బ్రిటన్‌లో ఒక గొడుగు కిందికి తెచ్చిన తర్వాత వాదన ఆగలేదు. ఖర్చు తగ్గింది, ఒక విభాగానికి సాయం కావాలంటే పక్క స్థావరం నుంచి వస్తుంది, ఇది మంచిదే అన్నారు ఒకరు. స్థావరాలు తగ్గాక మారుమూల ప్రాంతాలకు హెలికాప్టర్ చేరేసరికి దొంగ వెళ్లిపోతున్నాడు, డబ్బు మాత్రం అందరూ కడుతున్నారు అన్నారు ఇంకొకరు. 2017లో పోలీసుల పనితీరును తనిఖీ చేసే సంస్థ కూడా ఈ రెండో ఫిర్యాదులో బలం ఉందనే తేల్చింది. నిమిషాల మీద నడిచే సేవను కేంద్రీకరిస్తే పొదుపు లెక్క కాగితం మీద కనిపిస్తుంది. నష్టం దూరాన ఉన్న ఊళ్లకు తెలుస్తుంది.

ఎయిర్ అంబులెన్స్ మోసుకొచ్చేది వైద్యుడిని

చాలామంది ఊహలో ఎయిర్ అంబులెన్స్ అంటే గాయపడిన మనిషిని వేగంగా ఆస్పత్రికి చేర్చే వాహనం. లండన్‌లో 1989లో మొదలైన ఎయిర్ అంబులెన్స్‌ను దగ్గరగా చూస్తే ఆ ఊహ తలకిందులవుతుంది. వైట్‌చాపెల్‌లోని రాయల్ లండన్ ఆస్పత్రి పైకప్పు మీద దాని హెలిప్యాడ్. నగరంలో ఎక్కడికైనా కొద్ది నిమిషాల్లో చేరుతుంది. అందులో వచ్చేది అనుభవమున్న వైద్యుడు, పారామెడిక్ (అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన సిబ్బంది). రోడ్డు మీదే రోగికి మత్తు ఇచ్చి శ్వాసగొట్టం వేస్తారు, రక్తం ఎక్కిస్తారు, తప్పనిసరైతే ఛాతీని తెరిచి గుండెకు పడిన గాయాన్ని సరిచేస్తారు. 2012 నుంచి ఈ హెలికాప్టర్‌లో రక్తం తీసుకెళుతున్నారు. ఇంత చేశాక రోగిని ఎక్కువసార్లు రోడ్డు అంబులెన్స్‌లోనే, వైద్యుడిని పక్కన కూర్చోబెట్టి, ఆస్పత్రికి తీసుకెళతారు. రాత్రివేళ అదే బృందం కార్లలో బయలుదేరుతుంది. హెలికాప్టర్ లేకపోయినా సేవ ఆగదు, ఎందుకంటే సేవ అంటే ఆ బృందమే.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన భాగం ఆకాశంలో లేదు, లండన్ అంబులెన్స్ సర్వీసు కంట్రోల్ రూములో ఉంది. అక్కడ ఎయిర్ అంబులెన్స్‌కు చెందిన పారామెడిక్ ఒకరు కూర్చుని అక్కడి అత్యవసర నంబరు 999కు వచ్చే పిలుపులను జల్లెడ పడుతూ ఉంటారు. రెండంతస్తుల పైనుంచి పడిన మనిషి, రైలు కింద పడిన మనిషి, కారులోంచి బయటికి విసిరేయబడిన మనిషి, ఒకే కారులో పక్కవాళ్లు చనిపోగా మిగిలినవాళ్లు: ఇలాంటివి వినపడితే వెంటనే పంపిస్తారు. మిగతా పిలుపుల్లో ఫోన్ చేసినవారితో మాట్లాడి తేల్చుకుంటారు. ఆ కుర్చీలో సరైన మనిషి లేకపోతే పైకప్పు మీద ఉన్న హెలికాప్టర్ ఒంటి కాలి నొప్పికి వెళ్లి, ప్రాణం పోతున్న చోటికి అందకుండా పోతుంది.

‘గోల్డెన్ అవర్’ అన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తీవ్ర గాయమైన మొదటి గంటలో వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువ అన్న ఈ భావనకు అమెరికాలోని బాల్టిమోర్ వైద్యుడు ఆర్. ఆడమ్స్ కౌలీ ప్రాచుర్యం తెచ్చాడు. వేగం ముఖ్యమన్నది నిజం. సరిగ్గా 60 నిమిషాల దగ్గర గీత గీయడానికి మాత్రం కొలిచి తేల్చిన ఆధారం లేదు. ధారగా రక్తం పోతున్నవాడికి గంట కూడా ఎక్కువే, చెయ్యి విరిగినవాడికి మూడు గంటలైనా ప్రాణభయం ఉండదు.

నిమిషాల లెక్క వేసి చూద్దాం

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. పెద్ద ఆస్పత్రి, హెలికాప్టర్ రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. ప్రమాదం అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలో జరిగింది. రోడ్డు అంబులెన్స్ 20 నిమిషాల్లో వచ్చింది, ఎక్కించడానికి 10 నిమిషాలు, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఆస్పత్రికి 30 నిమిషాలు. మొత్తం 60.

హెలికాప్టర్ లేవడానికి 5 నిమిషాలు, గంటకు 220 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి 8, దిగే చోటు చూసుకోవడానికి 5, అక్కడ వైద్యం చేసి ఎక్కించడానికి 20, తిరుగు ప్రయాణం 8. ఆస్పత్రికి హెలిప్యాడ్ లేకపోతే పరేడ్ మైదానంలో దిగి, అక్కడి నుంచి మళ్లీ అంబులెన్స్‌లో 15. మొత్తం 61. ఇంత ఆర్భాటం చేసి ఒక నిమిషం ఆలస్యం.

ఇప్పుడు దూరాన్ని 120 కిలోమీటర్లు చేయండి. రోడ్డు మీద 150 నిమిషాలు, హెలికాప్టర్‌కు 111. ఆదా 39 నిమిషాలు. దూరం పెరిగేకొద్దీ హెలికాప్టర్ విలువ పెరుగుతుందన్నది ఇక్కడ తేటతెల్లం.

అయితే ఈ లెక్కలో ఇంకో వరస ఉంది, దాన్ని చాలామంది చూడరు. రోగిని మొదటిసారి వైద్యుడు తాకింది ఎప్పుడు? 30 కిలోమీటర్ల కేసులో హెలికాప్టర్ వైద్యుడు 18వ నిమిషంలో చేరాడు, రోడ్డు మీద వెళితే 60వ నిమిషంలో కానీ వైద్యుడు కనిపించడు. 120 కిలోమీటర్ల కేసులో 43వ నిమిషం ఒకవైపు, 150వ నిమిషం ఇంకోవైపు. మొత్తం సమయంలో ఓడిపోయిన హెలికాప్టర్ ఈ వరసలో గెలిచింది, అదీ లోపల వైద్యుడు ఉంటేనే. వైద్యుడు లేకుండా స్ట్రెచర్ మాత్రమే పంపితే గెలిచేది ఏమీ లేదు. ఇక మధ్య దారిలో ఉన్న ఏరియా ఆస్పత్రి రక్తస్రావాన్ని ఆపగలిగితే రోడ్డు లెక్క పూర్తిగా మారిపోతుంది. హెలికాప్టర్‌కు పెట్టే డబ్బుతో ఆ ఆస్పత్రులనే బలపరచవచ్చు కదా అనేవారి వాదనకు బలం ఇక్కడి నుంచే వస్తుంది.

హెలికాప్టర్ల వల్ల ఎంతమంది అదనంగా బతుకుతున్నారన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేకపోవడానికీ కారణం ఇదే. హెలికాప్టర్ వెళ్లే చోట రోగి పరిస్థితి అసలే విషమంగా ఉంటుంది. బతికితే ఆ ఘనత వేగానిదా, వైద్యుడిదా, చేర్చిన పెద్ద ఆస్పత్రిదా అన్నది విడదీయడం కష్టం.

ఒకే హెలికాప్టర్‌తో రెండు పనులూ చేయించవచ్చా?

ఆలోచన సహజమైనదే. పోలీసులకూ కావాలి, వైద్యానికీ కావాలి, ఒకటి కొని పంచుకుంటే సరి. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ సరిగ్గా అదే చేసింది. 1990 నుంచి 2014 వరకు అక్కడ పోలీసులు, అంబులెన్స్ సేవ ఒకే హెలికాప్టర్ వాడుకున్నారు. ససెక్స్‌లోనూ కొన్నాళ్లు ఇదే పద్ధతి నడిచింది. జనాభా తక్కువ, పిలుపులు తక్కువ ఉన్న జిల్లాలకు ఇది సరిపోయింది. విల్ట్‌షైర్‌లో వాడిన ఎండీ 902కు తోకలో రెక్క ఉండదు, గాలిని బయటికి చిమ్మి దిశ మార్చుకుంటుంది. జనం గుమిగూడే రోడ్డు మీద దిగేటప్పుడు అది పెద్ద నిశ్చింత. లండన్ ఎయిర్ అంబులెన్స్ కూడా చాలా ఏళ్లు దాన్నే వాడింది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒకే నిమిషంలో రెండు పిలుపులు వచ్చినప్పుడు. తప్పిపోయిన పిల్లవాడి కోసం హెలికాప్టర్ అడవి మీద తిరుగుతోంది, 40 కిలోమీటర్ల అవతల రెండు కార్లు గుద్దుకున్నాయి. ఎవరిని వదిలి ఎవరి దగ్గరికి వెళ్లాలి? కెమెరా, లైటు, పరిశీలకుడి సీటు పెడితే స్ట్రెచర్‌కూ మందులకూ చోటు తగ్గుతుంది, చిన్న హెలికాప్టర్‌లో ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. పోలీసులు జాతీయ సేవలోకి వెళ్లాక విల్ట్‌షైర్ ఎయిర్ అంబులెన్స్ తన దారి తను చూసుకుంది.

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం మాత్రం 1970 నుంచి ఇప్పటివరకూ పోలీసు హెలికాప్టర్లతోనే క్షతగాత్రులను తరలిస్తోంది. అక్కడ హెలికాప్టర్‌లో వచ్చే పోలీసు పారామెడిక్‌గా శిక్షణ పొందినవాడు. జర్మనీలో ఇంకో రకం: నారింజ రంగు ప్రభుత్వ రక్షణ హెలికాప్టర్లను ఫెడరల్ పోలీసు పైలట్లు నడుపుతారు, వైద్యులు ఆస్పత్రుల నుంచి వస్తారు. అదే దేశంలో కారు యజమానుల సంఘమైన ఏడీఏసీ 1970 నవంబర్ 1న మ్యూనిక్‌లో ‘క్రిస్టోఫ్ 1’ పేరుతో మొదలుపెట్టిన సేవ ఇప్పుడు దేశమంతా అల్లుకుంది. పంచుకోవడం తప్పు కాదు, ఎవరి పిలుపు ముందు అన్నది ముందే రాసిపెట్టుకోవాలి. అంతే తేడా.

కాపాడడానికి వెళ్లేవారి ప్రాణాలు

2013 నవంబర్ 29 రాత్రి స్కాట్లాండ్ పోలీసు హెలికాప్టర్ ఒకటి గ్లాస్గోలోని క్లూథా పబ్ పైకప్పు మీద కూలింది. లోపలున్న ముగ్గురు, పబ్‌లో ఉన్న ఏడుగురు చనిపోయారు. దర్యాప్తులో తేలింది వింటే మనసు చివుక్కుమంటుంది. ప్రధాన ట్యాంకులో ఇంకా 76 కిలోల ఇంధనం ఉంది. దాన్ని ఇంజన్లకు నెట్టే పంపుల స్విచ్‌లు ఆపేసి ఉన్నాయి. ఒక ఇంజన్ ఆగిన 32 సెకన్లకు రెండోదీ ఆగిపోయింది. లోపల బ్లాక్‌బాక్స్ లేదు, ఆ తరగతి హెలికాప్టర్‌కు అప్పట్లో అది తప్పనిసరి కాదు. కాబట్టి స్విచ్‌లు అలా ఎందుకున్నాయన్నదానికి సమాధానం దొరకలేదు. ఇలాంటి హెలికాప్టర్లలోనూ రికార్డర్ ఉండాలని దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది.

మేరీల్యాండ్‌లో 2008 సెప్టెంబర్‌లో ఒక రాత్రి, కారు ప్రమాదంలో గాయపడిన ఇద్దరు అమ్మాయిలను తీసుకెళుతున్న పోలీసు హెలికాప్టర్ పొగమంచులో దిగబోయి కూలింది. ఐదుగురిలో నలుగురు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ అడిగిన ప్రశ్న చాలా ముఖ్యమైనది: ఈ రోగులు నిజంగా హెలికాప్టర్ ఎక్కాల్సినవారేనా? గాయం అత్యంత తీవ్రమని తేలని కేసుల్లో ముందు వైద్యుడితో మాట్లాడాలని నిబంధన పెట్టాక హెలికాప్టర్ ప్రయాణాలు బాగా తగ్గాయి.

వాతావరణం సంగతి తెలుగువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలి ఐదుగురూ మరణించారు. అది అత్యవసర సేవ కాదు. కానీ మబ్బు, కొండ కలిస్తే ఏమవుతుందో ఆ రోజు రాష్ట్రమంతా చూసింది. మున్నేరు రోజున పైలట్‌ను పంపకపోవడాన్ని అలక్ష్యం అనే ముందు ఈ ఘటనలను తలచుకోవాలి.

బిల్లు ఎవరిది?

ఇంగ్లండ్‌లో ఎయిర్ అంబులెన్సులు ప్రధానంగా దాతృత్వ సంస్థలు. విరాళాలు, లాటరీ, పాత బట్టల దుకాణాలు వాటిని నడుపుతాయి, రోగికి బిల్లు రాదు. జర్మనీలో ఆరోగ్య బీమా కడుతుంది. మేరీల్యాండ్‌లో వాహన రిజిస్ట్రేషన్ మీద వేసే అదనపు రుసుములోంచి ఖర్చు వెళుతుంది. అమెరికాలోని ప్రైవేటు సేవలది వేరే కథ: స్పృహలో లేని రోగికి తర్వాత వేల డాలర్ల బిల్లు ఇంటికి వచ్చేది. 2022 జనవరి 1 నుంచి అమలైన చట్టం బీమా ఉన్నవారికి ఎయిర్ అంబులెన్స్ విషయంలో ఈ బాధ తప్పించింది. రోడ్డు అంబులెన్స్‌ను మాత్రం అందులో చేర్చలేదు. అక్కడున్న మన పిల్లలు బీమా పత్రంలో చూసుకోవలసిన విషయం ఇది.

మన దగ్గర ఏముంది?

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ దేశానికే దారి చూపింది. రోడ్డు మీద అంత పటిష్ఠమైన ఏర్పాటు ఉన్న మనకు ఆకాశంలో దానికి జోడి లేదు. వరద వస్తే రాష్ట్రం కోరిన మీదట వాయుసేన, నౌకాదళం హెలికాప్టర్లు పంపుతాయి. విశాఖ నౌకాదళ స్థావరం నుంచి ఖమ్మానికి గీత గీసినట్టు ఎగిరినా సుమారు 330 కిలోమీటర్లు, అంటే గంటన్నరకు పైగా ప్రయాణం. సైన్యం మొదటి పని దేశరక్షణ. పిలిస్తే వస్తుంది, మన పిలుపు కోసమే కూర్చుని ఉండదు. కేంద్ర హోంశాఖ తరఫున సరిహద్దు భద్రతా దళం నడిపే వైమానిక విభాగం ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గాయపడిన జవాన్లను తరలిస్తుంది. అది కూడా సాధారణ ప్రజల సేవ కాదు.

ప్రమాదస్థలానికి వైద్యుడితో వెళ్లే హెలికాప్టర్ అన్న ఆలోచనకు మన దేశంలో దగ్గరగా వచ్చింది రిషికేశ్ ఎయిమ్స్. ‘సంజీవని’ పేరుతో అక్కడి హెలికాప్టర్ సేవను 2024 అక్టోబర్ 29న ప్రధానమంత్రి ప్రారంభించారు. కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోయే ఉత్తరాఖండ్‌లో దాని అవసరం పైన వేసిన లెక్కకు సరిగ్గా సరిపోతుంది. 2025 మే 17న రోగిని తీసుకురావడానికి వెళ్లిన ఆ హెలికాప్టర్ కేదార్‌నాథ్ వద్ద దిగుతూ తోక విరిగి దెబ్బతింది. లోపలున్నవారంతా ప్రాణాలతో బయటపడ్డారు. ఒకే హెలికాప్టర్ మీద నిలిచిన సేవ ఎంత సన్నటి దారం మీద నడుస్తుందో ఆ రోజు తెలిసింది.

మన్యం గురించి ఆలోచించినప్పుడు నాకు డోలీలు గుర్తొస్తాయి. పాడేరు, అరకు కొండల్లో నిండు గర్భిణిని దుప్పటి కట్టిన కర్రకు వేలాడదీసి ఇద్దరు మోసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడిచి 108 ఉన్న రోడ్డుకు చేరుస్తారు. హెలికాప్టర్ వల్ల నిమిషాలు కాదు, గంటలు మిగిలే చోటు ఏదైనా ఉంటే అది ఇదే. అలాగని అక్కడ రోడ్డు వేస్తే రోజూ పనికొస్తుంది, హెలికాప్టర్ ఎప్పుడో ఒకసారే వస్తుంది అనేవారి మాటనూ కొట్టిపారేయలేం. రోడ్డు వేసేదాకా అన్నది ఎన్నేళ్లు అన్నదాని మీద ఈ వాదన ఎటు మొగ్గుతుందో ఆధారపడి ఉంటుంది.

ఈలోగా పోలీసు హెలికాప్టర్ పనిలో కొంత భాగాన్ని డ్రోన్లు తీసుకుంటున్నాయి. వేడిని చూసే కెమెరా వాటికీ అమర్చవచ్చు, ఖర్చు హెలికాప్టర్‌తో పోలిస్తే చాలా తక్కువ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలో డ్రోన్లతో మేడల మీదికి ఆహారం, మందులు చేరవేశారు. హెలికాప్టర్ దూరలేని సందుల్లోకి అవి దూరాయి. అయితే అలాంటి డ్రోన్ మున్నేరు వంతెన దాకా ఎగరగలిగినా, ఆ 9 మందికి అన్నం పొట్లాలు ఇచ్చి వచ్చేదే తప్ప ఒక్కరినీ వెంట తెచ్చేది కాదు.